పెద్ద నర్సమ్మ చేతికొచ్చిన స్టార్టరు

మా వీధిలో ఆమెను పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు. ప్రసూతి ఆసుపత్రిలో కాన్పుల గదికంతటికీ పెద్ద కాబట్టి అందరికీ ఆమె పెద్ద నర్సమ్మ. మనిషి మాత్రం పెద్దది కాదు. చీపురుపుల్లకి తెల్లకోటు తొడిగినట్టు ఉంటుంది. గొంతు మటుకు ఆ ఒంటిది కాదు, ఎక్కణ్ణుంచో అరువు తెచ్చుకున్నదే. కాన్పుల గది తలుపులు మూసి ఉన్నా సరే, ఆమె "ఊఁ, ఇంకొక్కసారి!" అని అరిచిందంటే గేటు దగ్గర తచ్చాడుతున్న మొగుళ్ళు కూడా ఊపిరి బిగబట్టేవాళ్ళట. మా వీధి పిల్లల్లో సగం మంది ఈ లోకంలో మొదట చూసిన మొహం ఆమెదే. అందుకేనేమో, ఆమె మలుపు తిరిగిందంటే గోడలెక్కినవాళ్ళు మగ్గిన కాయల్లా తమంతట తామే రాలి, బుద్ధిమంతులైపోయేవాళ్ళు.

ఆమె భర్తకి కళ్ళద్దాల దుకాణం. ఆయన్ని అద్దాలాయన అనేవాళ్ళం. బారెడు పొట్ట, మూరెడు మాట. ఎవరైనా గట్టిగా తుమ్మితే తనదే తప్పన్నట్టు చూసే రకం. వేళ్ళు అరటిపళ్ళలా ఉన్నా, ఆవగింజంత మరని కూడా ఒక్క ప్రయత్నంలో దాని కన్నంలో కూర్చోబెట్టేవాడు. ఆయన దగ్గర అద్దాలు చేయించుకునే ముసలి వకీలు ఒకాయన ఉండేవాడు. ఏటేటా అద్దం మందం పెరుగుతూ వచ్చి, చివరికి సీసా అడుగంత అయింది. అప్పటికీ అక్షరాలు కనపడలేదు. "ఇక నీ వల్లా కాదు, నా వల్లా కాదు. రోడ్డు కనపడనివాడికి కారెందుకయ్యా? తీసుకుపో" అని ఆ వకీలు తన పాత కారు తాళంచెవి అద్దాలాయన చేతిలో పెట్టాడు.

మీగడరంగు కారు. గుండ్రటి ముక్కు, రెండు పెద్ద దీపాలు. వినకూడనిదేదో విన్నట్టు ఎప్పుడూ ఆశ్చర్యపోయిన మొహం. దాని ఈడు బళ్ళన్నీ ఎప్పుడో తుక్కులో కలిసిపోయాయి. ఇదొక్కటే మిగిలింది. అద్దాలాయన దాన్ని కళ్ళద్దాలు తుడిచే మెత్తటి బట్టతో తుడిచేవాడు. పెద్ద నర్సమ్మ గుమ్మంలో నిలబడి చూసి, "పెళ్ళయిన ఇన్నేళ్ళలో నా మొహం వైపు ఒక్కసారైనా అంత శ్రద్ధగా చూశారా మీరు?" అనేది. ఆయన వెంటనే అద్దాలు సరిచేసుకుని ఆమె మొహం వైపు చూసేవాడు. "చాల్లెండి, పని చూసుకోండి" అనేది ఆమె.

అంతా బాగానే ఉండేది గానీ, కారు స్టార్టరుకి జబ్బు చేసింది. తాళం తిప్పగానే ఇంజన్ను రెండు చుట్లు తిప్పి నిద్ర లేపే చిన్న మోటారే స్టార్టరు. అది మొదట్లో బద్ధకంగా మూలిగేది. తర్వాత "టక్" అని ఒక్క మాట అని ఊరుకునేది. కొన్నాళ్ళు దానికి గొడుగు వైద్యం నడిచింది. ఆసుపత్రికి బయల్దేరే ముందు పెద్ద నర్సమ్మ బానెట్ ఎత్తి, గొడుగు లోపలికి దూర్చి, స్టార్టరు వీపున రెండు పోట్లు పొడిచి "ఊఁ, తిప్పండి!" అనేది. ఆ కేకకి భయపడో, పోటుకి జడిసో అది తిరిగేది. తర్వాత పోట్లకీ మొండికేసింది. ఇక తోయడమే గతి.

తోసేవాళ్ళకి కొదవ లేదు. మా వీధిలో రిటైరైన డ్రిల్లు మాస్టారు ఒకరు, ఎదురింటి దర్జీ ఒకరు, మూడోవాణ్ణి నేను. పొద్దున్నే మాస్టారు ఈల వేసేవాడు. మేం బండి వెనక వంగేవాళ్ళం. "ఎడమ, కుడి, ఎడమ, కుడి" అంటూ వీధి చివరిదాకా తోస్తే ఎక్కడో ఒకచోట అది దగ్గి, తుమ్మి, పొగ మా మొహాన కొట్టి లేచేది. పోగా పోగా అద్దాలాయన జీవితమంతా ఎత్తుపల్లాల లెక్కలోకి వచ్చేసింది. పల్లంలో ఆపితే ఎవరూ తోయక్కర్లేదు గదా! మందుల కొట్టు మార్చాడు, పల్లంలో ఉన్నదానికి. బట్టలు ఇస్త్రీకి ఊరి అవతల ఇచ్చేవాడు, అక్కడ దిగుడు బాగుంటుందని. మిట్ట మీదుండే చుట్టాల మీద ప్రేమ పుట్టుకొచ్చింది, చదును నేల మీదుండే చుట్టాలతో రాకపోకలు తగ్గిపోయాయి. సొంత పినతల్లి కూతురు "అన్నయ్య మమ్మల్ని మరిచిపోయాడు" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంటే, మీ ఇంటి ముందు నేల చదునమ్మా అని ఏ మొహం పెట్టుకుని చెబుతాడు?

ఆసుపత్రి గేటు ముందు మంచి పల్లం ఉంది. ఆయన రోజూ అక్కడే ఆపి, భార్యని దింపి, బ్రేకు వదిలి జారుకునేవాడు. ఒకరోజు ఆ చోట్లో అంబులెన్సు నిలబడి ఉంది. ఆయన కాస్త ముందుకెళ్ళి చదునులో ఆపాడు, ఆపడంతోనే ఇంజను ఆగిపోయింది. తోసేవాళ్ళెవరూ లేరు. పెద్ద నర్సమ్మ చుట్టూ చూసి, సంచీ సీట్లో పడేసి, తెల్లకోటుతోనే బండి వెనక చేతులు ఆన్చింది.

సరిగ్గా అప్పుడే కాన్పుకి చేరడానికి నిండు చూలాలొకామె ఆటో దిగింది. వెనక తల్లి చేతిలో మూట. చూలాలు నర్సమ్మని గుర్తుపట్టింది.

"అయ్యో అమ్మా, మీరొక్కరే తోస్తున్నారా?" అంటూ వచ్చి భుజం ఆన్చేసింది.

"ఏయ్, ఏయ్! నువ్వు తొయ్యకూడదు! చెయ్యి తియ్యి!" అని పెద్ద నర్సమ్మ అరుస్తూనే ఉంది. ఆ పిల్ల దృఢమైన మనిషిలా ఉంది, ఒక్క తోపుకి బండి కదిలి స్టార్టయిపోయింది. వెనక ఏం జరిగిందో తెలియని అద్దాలాయన చెయ్యి బయటపెట్టి సంతోషంగా ఊపి వెళ్ళిపోయాడు. చూలాలు నడుం పట్టుకుని "అమ్మా" అంది.

మధ్యాహ్నం భోజనాల వేళకి ఆమెకి పండులాంటి ఆడపిల్ల పుట్టింది. తొలికాన్పు, అయినా కష్టమనేదే లేకుండా జరిగిపోయింది. అది జరగాల్సిన వేళకి జరిగిన కాన్పేనని పెద్ద నర్సమ్మకి తెలుసు. కానీ మూట పట్టుకున్న తల్లి ఊరుకుంటుందా? "నర్సమ్మగారి కారు తోసింది, చిటికెలో అయిపోయింది" అని వార్డంతా చెప్పింది. మర్నాడు పొద్దున గేటు దగ్గర ఇద్దరు చూలాళ్ళు, వాళ్ళ తల్లులు, ఒక అత్తగారు కాచుకుని ఉన్నారు.

"మా కోడలికి వారం దాటిపోయిందమ్మా. మీ కారు ఒక్కసారి తోయించరా, మీకు పుణ్యముంటుంది!"

పెద్ద నర్సమ్మ వాళ్ళని లోపలికి తరిమేసరికి పెద్ద డాక్టరమ్మ దగ్గర్నుంచి కబురొచ్చింది.

"ఏం నర్సమ్మా, కొత్త వైద్యం మొదలుపెట్టారట? నాకు చెప్పనేలేదు!"

డాక్టరమ్మ నవ్వుతూనే అంది. నవ్వుతూ అంటేనే ఎక్కువ మండుతుంది. ఆ సాయంత్రం పెద్ద నర్సమ్మ ఇంటికొచ్చి, చెప్పులైనా విడవకుండా భర్తతో అంది: "ఆదివారం నాకు సెలవు. ఆ స్టార్టరు బయటికి రావాలి. అది రాకపోతే మీ కారే బయటికి పోతుంది."

శనివారం మా సందు మెకానిక్ వచ్చి చూశాడు. మోచేతిదాకా లోపలికి దూర్చి, కాసేపు మూలిగి, చెయ్యి బయటికి తీయడానికి ఇంకాసేపు మూలిగి, తల అడ్డంగా ఊపాడు.

"కింది బోల్టు సరే అమ్మా. పై బోల్టు పొగగొట్టానికీ, లోపలి రేకు గోడకీ మధ్యన దాక్కుంది. చెయ్యి పట్టదు. ఇంజను దించాల్సిందే. నా దగ్గర రెండు నెలలు ఉంచండి."

"అంటే కడుపు కోయాలంటావు."

"అదే అనుకోండి."

"నీ పెద్దాడు కడుపులో అడ్డం తిరిగినప్పుడూ కోయాల్సిందే అన్నారు అందరూ. కోశామా?"

"లేదమ్మా. మీరే చేత్తో సర్దారు."

"ఇప్పుడెలా ఉన్నాడు వాడు?"

"ఇప్పటికీ అడ్డం తిరుగుతూనే ఉన్నాడమ్మా" అన్నాడు మెకానిక్ నీరసంగా.

పెద్ద నర్సమ్మ అతని చెయ్యి పట్టుకుని చూసింది. పెద్ద చెయ్యి, మొరటు చెయ్యి. పక్కనే తన చెయ్యి పెట్టి చూసుకుంది. "నీ పానాలు ఇక్కడ వదిలేసి పో. రేపు సాయంత్రం ఇస్తాను" అంది. మెకానిక్ పానాల పెట్టె అరుగు మీద పెట్టి వెళ్ళాడు. తన పిల్లలిద్దర్నీ ఈ లోకంలోకి లాగిన మనిషితో ఎవరు వాదిస్తారు?

ఆదివారం పొద్దున్నే ఆమె తమ్ముడు దిగాడు. మోటార్లూ పంపులూ అమ్మే కొట్లో పని చేస్తాడతను. లోకంలో తెలియని విషయమంటూ అతనికి ఏదీ లేదు. తెలియనివేమైనా ఉంటే అవి అవసరం లేనివి. సంచీలోంచి పనసకాయంత ఇనపముద్ద ఒకటి తీసి అరుగు మీద ధబేలుమని పెట్టాడు.

"ఇదిగో బావా, స్టార్టరు! పాతది పీకి ఇది పెట్టేద్దాం."

"ఇది దేనిదయ్యా?" అన్నాడు అద్దాలాయన బెరుగ్గా.

"ట్రాక్టరుది. ఏ మోటారైనా మోటారే బావా. జాతొకటే."

"ఏనుగూ ఎలకా కూడా నాలుగుకాళ్ళ జాతేరా" అంది పెద్ద నర్సమ్మ లోపలినుంచి. "ఏనుగుని ఎలక కన్నంలో దూరుస్తావా?"

అయితే తమ్ముడు మొదట చేసిన పని మంచిదే. బ్యాటరీ తీగ ఊడదీశాడు. "ఇది ముందు తీయాలి అక్కా. లేకపోతే పానా ఎక్కడైనా తగిలిందంటే నిప్పులు రాలతాయి." తర్వాత జాకీతో ముందు చక్రాలు లేపి, కింద చెక్కదిమ్మలు పేర్చారు. దిమ్మల్ని డ్రిల్లు మాస్టారు ఒక్కొక్కటీ తన్ని చూసి, గట్టివే అని ఒప్పుకున్నాడు. ఆయనా, దర్జీ, నేనూ చాప వేసుకుని కూర్చున్నాం. ఇంత పని జరుగుతుంటే ఇళ్ళల్లో ఎవరు కూర్చుంటారు?

కారు తనది కాబట్టి కింది బోల్టు తనే విప్పుతానని అద్దాలాయన పట్టుబట్టాడు. కిందికి దూరడమైతే దూరాడు. ఊపిరి వదిలి దూరాడు కాబట్టి దూరగలిగాడు. లోపలికెళ్ళాక ఊపిరి పీల్చాడు. ఇక అటూ లేదు ఇటూ లేదు.

"బావమరిదీ… కొంచెం నన్ను…"

తమ్ముడొక కాలు, నేనొక కాలు పట్టుకున్నాం. "ఊపిరి వదలండి! ఇంకా! ఇంకా!" అని పెద్ద నర్సమ్మ పక్కన గొంతుకూర్చుని చెబుతోంది. చొక్కా అక్కడే వదిలి మనిషి బయటికొచ్చాడు. కింది బోల్టు తమ్ముడే విప్పాడు.

ఇక పైది. పెద్ద నర్సమ్మ ఉంగరాలు తీసి దర్జీకి ఇచ్చింది. కుళాయి దగ్గరికెళ్ళి సబ్బుతో మోచేతులదాకా చేతులు కడుక్కుంది. వేళ్ళ సందులూ, గోళ్ళూ రుద్ది రుద్ది కడుక్కుంది.

"మసిలో పెట్టబోయే చేతులకి అంత స్నానమెందుకక్కా?" అన్నాడు తమ్ముడు.

ఆమె తన చేతులవైపు చూసుకుని, "అలవాటు" అంది. కొంచెం సిగ్గుపడింది కూడా.

బానెట్ కింద వంగి, పొగగొట్టానికీ రేకుకీ మధ్య ఆ సన్నటి చెయ్యి దూర్చింది. మణికట్టు దాటింది, మోచెయ్యి దగ్గరికొచ్చింది. అద్దాలాయన టార్చిలైటు వేయబోతే "తీసెయ్యండి, కళ్ళలో పడుతోంది" అని కళ్ళు మూసేసుకుంది. చూపుతో చేసే పని కాదిది. ఆమె పెదాలు కదులుతున్నాయి.

"ఇదిగో… దొరికింది. పక్కనుంది దొంగలా. చిన్న పానా ఇవ్వు. అది కాదు, దాని తమ్ముడు."

పానా వెళ్ళింది. పావు చుట్టు తిప్పడం, తీయడం, మళ్ళీ పెట్టడం. బోల్టు ఎన్నేళ్ళుగా అక్కడ స్థిరపడిందో, ఇల్లు ఖాళీ చేయనని కూర్చుంది. అద్దాలాయన అరుగు మీద ఈ చివరినుంచి ఆ చివరికి తిరగడం మొదలుపెట్టాడు. నుదుటి మీద చెమట. మూడోసారి వచ్చి "ఏమైనా ప్రమాదమా?" అని అడిగాడు.

"మీరెళ్ళి వేణ్ణీళ్ళు పెట్టండి" అంది ఆమె కళ్ళు తెరవకుండా.

ఆయన పరుగెత్తాడు. "వేణ్ణీళ్ళెందుకక్కా?" అని తమ్ముడు అడిగితే, "నీళ్ళ కోసం కాదురా, ఆయన కోసం. కాళ్ళకడ్డం రాకుండా ఏదో ఒక పని ఉండాలిగా" అంది. ఎంతమంది మొగుళ్ళని ఆసుపత్రి వరండాలోంచి అలా పంపించిందో!

చివరికి బోల్టు వచ్చింది. అయితే అసలు చిక్కు అప్పుడే మొదలైంది. స్టార్టరు పట్టు వదిలి కిందికి వాలింది గానీ, దాని తోక స్టీరింగు కడ్డీకి అడ్డం పడింది. తమ్ముడు కిందనుంచి ఒక్క గుంజు గుంజాడు.

"లాగకు!"

ఆ కేకకి తమ్ముడు దిమ్మకి తల కొట్టుకున్నాడు. వేణ్ణీళ్ళ గిన్నెతో వస్తున్న అద్దాలాయన గుమ్మంలోనే ఆగిపోయాడు.

"లాగితే ఇరుక్కుంటుందిరా మొద్దూ! ఎదురుకాళ్ళతో వస్తోందది. లాగడం కాదు, తిప్పాలి. నువ్వు కిందనుంచి బరువు మాత్రం ఆపు. నేను తిప్పుతా. ఆఁ… మెల్లగా… కొంచెం పైకి నెట్టు. ఆగు. మళ్ళీ. ఊఁ, ఇంకొక్కసారి!"

ఆ మాటకి చాప మీదున్న మేం ముగ్గురం ఊపిరి బిగబట్టాం. దర్జీ మొహం ఎర్రబడిపోయింది. రెండోసారి తిప్పేసరికి లోపల ఏదో సర్దుకున్న చప్పుడైంది. నల్లటి బోడిగుండు ఒకటి పొగగొట్టం పక్కనుంచి తొంగి చూసింది.

"వచ్చేసింది" అంది పెద్ద నర్సమ్మ. రెండు చేతుల్లోకి తీసుకుంది. భుజం మీది తువ్వాలు దాని చుట్టూ తిప్పింది. ఏమనుకుందో ఏమో, తలకిందులుగా పట్టుకుని వీపు మీద రెండు చరిచింది. గుప్పెడు నల్లపొడి రాలింది.

"ఆడా మగా?" అన్నాడు డ్రిల్లు మాస్టారు.

"ఏదైనా బరువుగా ఉంది. తండ్రి పోలిక" అన్నాడు దర్జీ.

అరుగు మీద కాగితాలు పరిచి తమ్ముడు దాన్ని విప్పాడు. అక్కడ మాత్రం అతను నిజంగా పనివాడే. లోపల విద్యుత్తు అందించే నాలుగు బ్రష్షులూ అరిగి వేలిగోరంత అయ్యాయి, ఒకదాని స్ప్రింగు విరిగిపోయింది. ఇంజను చక్రాన్ని పట్టుకునేందుకు ముందుకి ఎగరాల్సిన పళ్ళచక్రం జిగురులో పడ్డ ఈగలా అతుక్కుపోయింది.

"దీనికి ఇంత జిడ్డెక్కడిది? ఇది పొడిగా ఉండాల్సిన చోటు. ఎవడో బుద్ధిలేనివాడు నూనె పోశాడు బావా!"

అద్దాలాయన ఆకాశంలో ఏదో వెతుకుతున్నాడు.

"ఏవండీ!" అంది పెద్ద నర్సమ్మ.

"ప్రతి ఆదివారం… రెండు చుక్కలే… పొడవాటి మూతి సీసాతో. బిగుసుకుపోతోంది గదా, పాపం, దాహమేస్తోందేమోనని."

ఎవరికీ నవ్వాలో తిట్టాలో తెలియలేదు. బండిని ప్రాణంలా చూసుకున్న మనిషే దాని గొంతులో వారం వారం నూనె పోశాడు. అది బిగుసుకున్నకొద్దీ జాలితో మరో చుక్క! పెద్ద నర్సమ్మ నోరు తెరిచింది. ఆయన మొహం చూసి మూసేసింది. "ఆసుపత్రిలోనూ అంతే. ముద్దు ఎక్కువైన పిల్లలకే ముందు అజీర్తి చేస్తుంది" అని మాత్రం అంది.

కిరసనాయిలుతో జిడ్డంతా కడిగారు. బ్రష్షులెక్కణ్ణుంచి తేవాలి? ఆదివారం కొట్లు లేవు, ఉన్నా ఈ బండి సామాను ఏ కొట్లోనూ లేదు. తమ్ముడు చాలాసేపు గెడ్డం గోక్కుని, తను తెచ్చిన ట్రాక్టరు స్టార్టరు వైపు చూశాడు. దాన్ని విప్పి, దాని బ్రష్షులూ ఒక స్ప్రింగూ పీకాడు. బ్రష్షులు పెద్దవి. ఆకురాయి పెట్టి ఈ ఇరుకు గూళ్ళలో పట్టేలా అరగదీశాడు. "చూశావా అక్కా, తెచ్చింది పనికొచ్చిందా లేదా?" అంటే, "వచ్చిందిరా. నువ్వనుకున్నట్టు మాత్రం కాదు" అంది.

బ్రష్షుల తీగల్ని అతకడం అద్దాలాయన వంతు. విరిగిన ఫ్రేములకి టంకం వేసే సామాను దుకాణంలోంచి తెచ్చాడు. అరుగు మీద బాసింపట్టు వేసుకుని, కంటికి భూతద్దం తగిలించుకుని వంగాడు. అప్పుడు ఆయన్ని చూడాలి. కారు కింద ఇరుక్కున్న మనిషి ఈయనేనా అనిపించింది. ఆ అరటిపళ్ళ వేళ్ళు కొంచెమైనా వణకలేదు. నాలుగు అతుకులూ నాలుగు వెండి చుక్కల్లా మెరిశాయి. పెద్ద నర్సమ్మ పక్కన కూర్చుని, ఆయన కళ్ళలోకి చెమట జారకుండా తువ్వాలుతో తుడుస్తోంది.

అన్నీ బిగించి, నేల మీదే ఒకసారి చూద్దామన్నాడు తమ్ముడు. స్టార్టరుని కాలికింద అదిమిపెట్టి, బ్యాటరీ తీగలు తాకించాడు. అది "గ్రుయ్య్" మని పెద్ద కేక పెట్టి, పళ్ళచక్రం ముందుకు ఉరికించి, కాలికింద నుంచి తప్పించుకుని అరుగంతా గెంతింది. డ్రిల్లు మాస్టారు కుర్చీ ఎక్కేశాడు.

పెద్ద నర్సమ్మ పొద్దుటినుంచి మొదటిసారి పళ్ళు కనపడేలా నవ్వింది. "ఏడ్చింది! ఇక భయం లేదు."

భయం లేదంది గానీ, తిరిగి బిగించడం తీయడానికి తాత అయింది. ఎంత తిప్పినా స్టార్టరు చోట్లో కూర్చోదు. చెయ్యి లోపల పెడితే బరువు ఆగదు, బరువు ఆపితే బోల్టు పట్టదు. మూడుసార్లు బోల్టు జారి కింద పడింది. మూడోసారికి ఆమె చేతులు తుడుచుకుని మెట్టు మీద కూలబడింది.

"నా వల్ల కాదురా. ఇన్నేళ్ళుగా బయటికి తీయడమే తప్ప, లోపలికి పంపడం నాకెప్పుడూ అలవాటు లేదు."

అద్దాలాయన దగ్గరికొచ్చి మెల్లగా అన్నాడు: "కోప్పడనంటే ఒక మాట. మాకు చిన్న మరలు చేజారకుండా పానా మొనకి చిటికెడు మైనం పెడతాం. బోల్టు దానికే అతుక్కుంటుంది. ఇక బరువు సంగతి… దానికో తాడు కట్టి పైనుంచి నేను పట్టుకుంటే?"

ఆమె ఆయన వైపు చూసింది. "పొద్దుట్నుంచీ ఈ మాట ఎక్కడ దాచారు?"

"వేణ్ణీళ్ళు పెట్టమన్నావుగా."

పైనుంచి ఆయన తాడు పట్టుకున్నాడు. కిందనుంచి తమ్ముడు ఆన్చాడు. మైనం పెట్టిన బోల్టుతో ఆమె చెయ్యి లోపలికెళ్ళింది. ఈసారి మరలో మర పడింది. "చాలు, వదలండి" అని ఆమె అనేదాకా ఆయన తాడు వదల్లేదు. అరచేతుల మీద ఎర్రటి చారలు పడ్డాయి.

దిమ్మలు తీసి బండిని నేలకి దించారు. అద్దాలాయన తల దువ్వుకుని వచ్చి కూర్చుని తాళం తిప్పాడు.

ఏమీ లేదు. "టక్" అయినా లేదు.

మళ్ళీ తిప్పాడు. నిశ్శబ్దం. తమ్ముడు బండి వైపు, ఆమె తమ్ముడి వైపు, మేం ఆమె వైపు చూస్తున్నాం. అప్పుడు దర్జీ, బట్టలో దారప్పోగు వేలాడితే చూసే చూపుతో బానెట్ కిందకి చూసి, "ఆ తీగేంటి, ఊరికే వేలాడుతోంది?" అన్నాడు.

బ్యాటరీ తీగ. తమ్ముడు ఎవరి మొహమూ చూడకుండా వెళ్ళి దాన్ని తగిలించాడు.

ఈసారి తాళం తిప్పీ తిప్పగానే ఇంజను లేచి కూర్చుంది. అలవాటు కొద్దీ మేం ముగ్గురం అప్పటికే వెనక వంగి చేతులు ఆన్చి ఉన్నాం. మాస్టారు ఈల కూడా నోట్లో పెట్టుకున్నాడు. బండి చక్కా తనంతట తానే వెళ్ళిపోయింది. మేం మాత్రం గాలిని తోసి, ఒకరి మీద ఒకరం పడ్డాం.

తర్వాత కొన్నాళ్ళు మా వీధికి పొద్దుటిపూట తోచలేదు. ఆ వేళకి మాస్టారు గేటు దగ్గరికొచ్చి నిలబడేవాడు. బండి "గ్రుయ్య్" మని లేచి వెళ్ళిపోతుంటే, ఎదిగి మాట వినడం మానేసిన కొడుకుని చూసినట్టు చూసేవాడు. దర్జీకి నడుంనొప్పి తిరగబెట్టింది, తోయక. పెద్ద నర్సమ్మ రెండు రోజులు గమనించి మూడో రోజు కిటికీలోంచి కేకేసింది: "తోస్తేనే రావాలా ఏం? రండి, కాఫీ తాగి పోండి." అప్పట్నుంచి ఆ పదినిమిషాలూ ఆ అరుగు మీదే గడుస్తున్నాయి. ఆసుపత్రిలో మాత్రం ఎవరో ఒక అత్తగారు ఇప్పటికీ ఆమెని పక్కకి పిలిచి కారు సంగతి అడుగుతూనే ఉంటుంది. బాగుపడిందమ్మా అంటే, "అయ్యయ్యో, ఇప్పుడెలా?" అని దిగులుపడుతుంది.

ఒక ఆదివారం పెద్ద నర్సమ్మ తాళంచెవి తనే తీసుకుని డ్రైవరు సీట్లో కూర్చుంది. "దీని కడుపులో ఏముందో నాకు తెలుసు. పైపై సంగతులు మీరు నేర్పండి" అంది. అద్దాలాయన పక్కన కూర్చున్నాడు, ఒక చెయ్యి తలుపుకి, ఒక చెయ్యి గుండెకి. సీటు ఎత్తు చాలక ఆమె కింద రెండు దిండ్లు పెట్టుకుంది. బండి స్టార్టయింది. నాలుగు గజాలు వెళ్ళి, నిలబడి, వణికి, మళ్ళీ నాలుగు గజాలు వెళ్ళింది. మలుపు దగ్గర ఆపింది. మంచి బండి, ఇంజను చప్పుడు లేకుండా తిరుగుతోంది. ఆగిపోయిందనుకుని ఆమె మళ్ళీ తాళం తిప్పింది. తిరుగుతున్న చక్రానికి స్టార్టరు పళ్ళు తగిలి, వీధంతా గగుర్పొడిచేలా కీచుమంది.

"అయ్యో అయ్యో! తిరుగుతుండగా తిప్పకూడదే! పళ్ళు రాలిపోతాయి! మళ్ళీ పాడవుతుంది!"

"పాడైతే తీస్తాను. ఎక్కడుందో తెలుసుగా" అంది పెద్ద నర్సమ్మ, అద్దంలో వెనక ఎవరైనా ఉన్నారేమో చూసుకుంటూ. గేరు వేసి, క్లచ్చు వదిలి, వీధి మలుపు తిరిగింది. ఎడమవైపు తిరగాల్సింది కుడివైపు తిరిగింది గానీ, అటూ రోడ్డే ఉంది.